డేటాబేస్ నెమ్మదించింది సరే, పని చేస్తోందా, ఎదురు చూస్తోందా?

“అన్నా, డీబీ స్లోగా ఉంది, ఒకసారి చూడవా?” బెంగళూరులో మాన్యతా టెక్ పార్కు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మన తెలుగు టీముల చాట్‌లలో తరచూ కనిపించే మాట ఇది. ఇందులో సమాచారం దాదాపు సున్నా. స్లో ఒక్క స్క్రీనా, అన్నీనా? పొద్దున్నుంచీ ఇంతేనా, ఇప్పుడే మొదలైందా? నిన్న రాత్రి రిలీజ్ ఏమైనా వెళ్లిందా? ఇవేవీ అడక్కుండానే చాలామంది మూడు పనుల్లో ఏదో ఒకటి చేసేస్తారు. సర్వర్ రీస్టార్ట్ కొడతారు, లేదా ర్యామ్ పెంచమంటారు, లేదా తోచిన కాలమ్ మీద ఒక ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) వేస్తారు. ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందో మాత్రం ఎవరికీ తెలియదు, రెండు వారాలకు అదే మెసేజ్ మళ్లీ వస్తుంది.

ఏ క్వెరీకైనా, అంటే డేటాబేస్‌ను అడిగే ఏ ప్రశ్నకైనా, పట్టే సమయంలో రెండే భాగాలుంటాయి. ఒకటి సీపీయూ మీద నిజంగా పని చేసిన సమయం. రెండోది దేనికోసమో ఆగిన సమయం: డిస్క్ నుంచి పేజీ (డేటా ముక్క) రావాలని, ఇంకొకరు పట్టుకున్న లాక్ (ఇతరులు ముట్టకుండా వేసే తాళం) వదలాలని, కమిట్ (మార్పుల ఖరారు) డిస్క్ మీద పడాలని, అవతలి అప్లికేషన్ తన ఫలితాన్ని అందుకోవాలని. ఒరాకిల్ డీబీఏలు (డేటాబేస్ నిర్వాహకులు) వెయిట్ ఈవెంట్ల, అంటే ఆగిన చోట్ల, లెక్కలో ఆలోచించడం ఏనాడో మొదలుపెట్టారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వెయిట్ స్టాట్స్ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో 9.6 వెర్షన్ నుంచి ఏ సెషన్ (ఒక్కో కనెక్షన్) దేనికోసం ఆగిందో నేరుగా చూడొచ్చు. ఆగిన చోటు తెలిశాకే సెట్టింగుల జోలికి వెళ్లాలి. లాక్ కోసం ఆగిన క్వెరీకి ర్యామ్ ఎంత పెంచినా ఒరిగేదేమీ లేదు.

మొదటి ఐదు నిమిషాలు

రీస్టార్ట్ చేయగానే ముందు పోయేది సాక్ష్యం. ఎవరు ఎవరిని ఆపారన్నది ఆ క్షణంలోనే కనిపిస్తుంది, తర్వాత ఏ లాగ్‌లో వెతికినా పూర్తిగా దొరకదు. రెండోది, మెమరీలో వేడిగా ఉన్న పేజీలన్నీ పోతాయి. సర్వర్ లేచాక ప్రతి క్వెరీ డిస్క్ దాకా వెళ్లాలి కాబట్టి కాసేపు ముందుకన్నా అధ్వానంగా ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి షట్‌డౌన్ సమయంలో, పేజీలను మెమరీలో ఉంచుకునే బఫర్ పూల్‌లోని పేజీల జాబితాలో 25 శాతం రాసి పెట్టుకుని, లేచాక వాటిని తిరిగి లోడ్ చేసుకుంటుంది. మిగతావాటికి డిస్క్ ప్రయాణం తప్పదు.

అందుకే ముందు చూడండి. లినక్స్‌లో వీఎంస్టాట్ కమాండ్‌ను సెకనుకోసారి నడిపితే మూడు సంగతులు తెలుస్తాయి. ఆర్ కాలమ్ కోర్ల సంఖ్యను దాటి నిలబడితే సీపీయూ కోసం క్యూ ఉన్నట్టు. బీ కాలమ్‌లోనూ డబ్ల్యూఏలోనూ అంకెలు పెద్దవైతే డిస్క్ కోసం ఆగుతున్నట్టు. ఎస్ఐ, ఎస్ఓ సున్నా కాకపోతే స్వాప్ (మెమరీ చాలక డిస్క్‌ను వాడుకోవడం) మొదలైంది, డేటాబేస్ సర్వర్ మీద అది మంచి కబురు కాదు. లోడ్ యావరేజ్‌ను మాత్రం ఒంటరిగా నమ్మకండి. లినక్స్ అందులో డిస్క్ కోసం ఆగిన ప్రాసెస్‌లనూ కలిపేస్తుంది. ఎనిమిది కోర్ల మెషీన్‌లో లోడ్ 40 కనిపించినా సీపీయూ ఖాళీగా ఉండొచ్చు.

తర్వాత, ఏ సెషన్ ఏం చేస్తోందో చూడటానికి, పోస్ట్‌గ్రెస్ అయితే పీజీ స్టాట్ యాక్టివిటీ, మైఎస్‌క్యూఎల్ అయితే ప్రాసెస్‌లిస్ట్‌తో పాటు సిస్ స్కీమాలోని ఇన్నోడీబీ లాక్ వెయిట్స్ వ్యూ. ఒక్కసారి చూసి వదిలేయకుండా ఐదేసి సెకన్ల తేడాతో ఆరేడు సార్లు తీసి ఫైల్లో పెట్టుకోండి. ప్రతిసారీ అవే సెషన్లు అదే చోట కనిపిస్తే దొంగ దొరికినట్టే. స్టేట్ యాక్టివ్ అని ఉండి వెయిట్ కాలమ్ ఖాళీగా ఉంటే ఆ సెషన్ సీపీయూ మీద పని చేస్తోంది. ఐఓ అని ఉంటే డిస్క్, లాక్ అని ఉంటే ఇంకో సెషన్. క్లయింట్ రైట్ అని ఉంటే తప్పు డేటాబేస్‌ది కాదు: లక్షల వరుసలు అడిగిన అప్లికేషన్ వాటిని తీరిగ్గా అందుకుంటోంది.

ఒరాకిల్‌లో ఏడబ్ల్యూఆర్, ఏఎస్‌హెచ్ రిపోర్టులు ఇవన్నీ చక్కగా చూపిస్తాయి గానీ, వాటికి డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్స్ విడిగా ఉండాలి. అది లేనిచోట స్టాట్స్‌ప్యాక్‌తో సరిపెట్టుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లు 2016 వెర్షన్ నుంచి వచ్చిన, క్వెరీల చరిత్ర దాచే క్వెరీ స్టోర్‌ను ఆన్ చేసి ఉంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

సీపీయూ ఖాళీ, అప్లికేషన్ బంద్

లాక్ సమస్యకు ఇదే గుర్తు. బస్ టికెట్లు అమ్మే అప్లికేషన్ ఒకటి ఉందనుకుందాం. మధ్యాహ్నం మూడింటికి ఎవరో బుకింగ్స్ టేబుల్ మీద పెద్ద రిపోర్టు నడుపుతున్నారు, ఇరవై నిమిషాలుగా సాగుతోంది. ఆ టేబుల్‌కు ఒక కాలమ్ కలపాలని ఒక డెవలపర్ ఆల్టర్ టేబుల్ కొట్టాడు. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి, మామూలు స్థిర డిఫాల్ట్ విలువతో కాలమ్ కలపడం మిల్లీసెకన్ల పని, కాబట్టి పగలే చేయొచ్చనుకున్నాడు. కానీ ఆ మిల్లీసెకన్ల పనికి కూడా టేబుల్ మీద అందరినీ బయట నిలబెట్టే లాక్ కావాలి. రిపోర్టు అయ్యేదాకా అది దొరకదు, కాబట్టి ఆల్టర్ క్యూలో నిలబడింది. దాని వెనక వచ్చిన ప్రతి సెలెక్ట్ (చదివే క్వెరీ) కూడా ఆల్టర్ వెనకే నిలబడింది. రిపోర్టుతో ఏ పేచీ లేని చిన్న చిన్న క్వెరీలన్నీ ఆగిపోయాయి. గ్రాఫ్‌లో సీపీయూ మూడు శాతం, స్క్రీన్ మీద టైమౌట్లు.

ఇక్కడ పీజీ బ్లాకింగ్ పిడ్స్ ఫంక్షన్ ఎవరి వెనక ఎవరున్నారో చెబుతుంది. ఆపాల్సింది ఆల్టర్‌ను. రిపోర్టును కాదు. ఆల్టర్‌ను క్యాన్సిల్ చేసిన మరుక్షణం క్యూ కదులుతుంది, రిపోర్టు దాని పని అది చేసుకుంటుంది. మళ్లీ ప్రయత్నించేటప్పుడు లాక్ టైమౌట్ రెండు సెకన్లు పెట్టి నడపాలి. దొరికితే దొరికింది, లేదంటే తప్పుకుని కాసేపాగి ఇంకోసారి. మైఎస్‌క్యూఎల్‌లో ఇదే రోగం టేబుల్ మెటాడేటా (నిర్మాణ వివరాల) లాక్ కోసం ఎదురుచూపుగా కనిపిస్తుంది. వరుస లాక్‌కు అక్కడ గడువు 50 సెకన్లు. మెటాడేటా లాక్‌కు డిఫాల్ట్ గడువు 3,15,36,000 సెకన్లు, అంటే ఏడాది! ఆ సెట్టింగ్ ఎవరూ మార్చకపోతే మీ ఆల్టర్ వచ్చే సంక్రాంతి దాకా ఓపిగ్గా నిలబడగలదు.

ఇంకో లాక్ రోగం కోడ్‌లో పుడుతుంది. ట్రాన్సాక్షన్ (ఒకేసారి ఖరారయ్యే మార్పుల గుంపు) మొదలుపెట్టి, సీటు వరుసను అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా పేమెంట్ గేట్‌వేకు కాల్ వెళుతుంది. గేట్‌వే జవాబుకు ఇరవై సెకన్లు పడితే ఆ ఇరవై సెకన్లూ సీటు లాక్‌లోనే ఉంటుంది. యాక్టివిటీలో ఆ సెషన్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని నలుగురైదుగురు వేలాడుతుంటారు. రాత పని చేసి ఇలా తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ గంటలకొద్దీ ఉంటే పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ (చెల్లని పాత వరుసలను శుభ్రం చేసే పని) కూడా తర్వాత చచ్చిన వరుసలను ఊడ్చలేదు, టేబుల్ ఉబ్బుతుంది. మందు సెట్టింగ్‌లో లేదు, కోడ్‌లో ఉంది: సీటును “హోల్డ్” అని మార్చి, గడువు సమయం రాసి, కమిట్ చేసేయాలి. గేట్‌వే జవాబు వచ్చాక రెండో ట్రాన్సాక్షన్‌లో ఖరారు చేయాలి. అప్పటిదాకా కాపలాగా ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ పెట్టుకోవచ్చు. డిఫాల్ట్‌లో అది సున్నా, అంటే కాపలా లేనట్టే.

సెషన్‌ను చంపేటప్పుడు ముందు క్యాన్సిల్, అది వినకపోతే టెర్మినేట్. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ మీద కిల్ మైనస్ 9 వాడితే మిగిలిన అన్ని కనెక్షన్లూ తెగి సర్వర్ రికవరీలోకి వెళుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో గంటసేపు నడిచిన పెద్ద అప్‌డేట్‌ను చంపితే, చేసినదంతా వెనక్కి తిప్పడానికి అంతకన్నా ఎక్కువ సమయమే పట్టొచ్చు. విసుగొచ్చి అప్పుడు రీస్టార్ట్ చేసినా ఆ రోల్‌బ్యాక్ తప్పదు.

ఏ క్వెరీని పట్టుకోవాలి?

లాక్‌లు లేవు, సీపీయూనో డిస్కో నిండుగా ఉంది. అంటే ఎవరో ఎక్కువ పని చేయిస్తున్నారు. అందరి కళ్లూ 40 సెకన్లు పట్టే రిపోర్టు మీద పడతాయి. అది రోజుకు మూడుసార్లు నడిస్తే మొత్తం రెండు నిమిషాలు. లాగిన్ దగ్గర నడిచే 12 మిల్లీసెకన్ల క్వెరీ గంటకు ఐదు లక్షల సార్లు నడిస్తే 6,000 సెకన్లు. గంటకున్నవే 3,600 సెకన్లు కాబట్టి అదొక్కటే ఒకటిన్నర కోర్లకు పైగా మింగేస్తోంది. దాన్ని 2 మిల్లీసెకన్లకు దించితే సర్వర్ మొత్తం తేలికపడుతుంది.

అందుకే స్లో క్వెరీ లాగ్ ఒక్కటే చాలదు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ లాగ్ డిఫాల్ట్‌గా ఆఫ్, ఆన్ చేసినా హద్దు 10 సెకన్లు. మన 12 మిల్లీసెకన్ల క్వెరీ అందులో ఎన్నడూ పడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో క్వెరీ లెక్క రాసిపెట్టే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌ను మొత్తం సమయం వారీగా వరుస పెట్టి చూడాలి, సగటు వారీగా కాదు. దీన్ని మొదటిసారి ఎక్కించడానికి ఒక రీస్టార్ట్ కావాలి, కాబట్టి సమస్య రాకముందే పెట్టి ఉంచండి. మైఎస్‌క్యూఎల్‌లో ఇదే లెక్క పెర్ఫార్మెన్స్ స్కీమా డైజెస్ట్ పట్టికలో దొరుకుతుంది.

ప్లాన్ చదవడం

క్వెరీ దొరికాక ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ వేయండి, అది ప్లాన్‌ను, అంటే క్వెరీ ఏ అడుగుల్లో నడిచిందో, చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0.18 నుంచి ఉంది. ఇది క్వెరీని నిజంగానే నడుపుతుందని మరవకండి. డిలీట్‌కో అప్‌డేట్‌కో వేసేటప్పుడు బిగిన్, రోల్‌బ్యాక్ మధ్య పెట్టాలి.

ఖర్చు అంకెలు చూసి కంగారు పడక్కర్లేదు. ప్రతి అడుగులోనూ అంచనా వేసిన వరుసలెన్ని, నిజంగా వచ్చినవెన్ని అన్నదే అసలు విషయం. మన బస్ అప్లికేషన్‌లో జనవరి 13 ప్రయాణం, కేఆర్ పురంలో ఎక్కేవాళ్లు, ఆంధ్ర వైపు రూట్లు అని మూడు షరతులతో ప్రయాణికుల జాబితా అడిగారనుకోండి. ప్లానర్ (ప్లాన్ ఎంచుకునే డేటాబేస్ భాగం) అంచనా 60 వరుసలు. వచ్చినవి 84,000. అరవయ్యే కదా అని అది నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌లో విడిగా వెతకడం) ఎంచుకుంది. లోపలి ఇండెక్స్ స్కాన్ దగ్గర సమయం 0.05 మిల్లీసెకన్లు అని ఉంటుంది, చూసినవాళ్లు “ఇక్కడేం లేదు” అని దాటేస్తారు. అది ఒక్క లూప్ సగటు. పక్కనే లూప్స్ 84,000 అని ఉంది. రెండూ గుణిస్తే 4.2 సెకన్లు, ఆలస్యమంతా అక్కడే ఉంది.

అంచనా ఎందుకు తప్పింది? రెండు కారణాలు కలిశాయి. స్టాటిస్టిక్స్ (డేటా గురించి ప్లానర్ చూసే గణాంకాలు) పాతవైతే పండగ తేదీ కూడా ప్లానర్‌కు మామూలు రోజే. పోస్ట్‌గ్రెస్ తనంతట తాను ఎనలైజ్ చేసి వాటిని తాజా పరచాలంటే డిఫాల్ట్‌గా టేబుల్‌లో పది శాతం, అదనంగా 50 వరుసలు మారాలి. ఐదు కోట్ల వరుసల టేబుల్‌లో అంటే 50 లక్షల మార్పులు. పండగ బుకింగులు ఒక్కసారిగా వచ్చి పడినా ఆ హద్దు దాటకపోవచ్చు. రెండోది, ప్లానర్ మూడు షరతులనూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా భావించి వాటి భిన్నాలను గుణించేస్తుంది. కేఆర్ పురంలో ఎక్కేవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఆంధ్ర వైపే అన్న సంగతి దానికి తెలియదు.

మొదటిదానికి చేత్తో ఎనలైజ్ నడపండి. అది టేబుల్ అంతా చదవదు, డిఫాల్ట్‌గా 30,000 వరుసల నమూనా తీసుకుంటుంది కాబట్టి ఎంత పెద్ద టేబుల్‌కైనా త్వరగానే అయిపోతుంది. తర్వాత ఆ టేబుల్‌కు మాత్రం ఎనలైజ్ స్కేల్ ఫ్యాక్టర్‌ను 0.01కి దించండి. రెండోదానికి, పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఉన్న క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో ఆ రెండు కాలమ్‌లకూ సంబంధం ఉందని చెప్పొచ్చు. ఇండెక్స్ ఒక్కటీ కలపకుండానే ప్లాన్ హ్యాష్ జాయిన్‌కు (రెండు టేబుళ్లనూ ఒకేసారి కలిపే పద్ధతికి) మారి సమయం పడిపోవడం ఇలాంటిచోట మామూలే.

ఐదుసార్లు వేగంగా నడిచి ఆరోసారి నుంచి నెమ్మదించే క్వెరీ ఇంకో వింత. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కు (విలువలు మార్చి మళ్లీ మళ్లీ నడిపే క్వెరీకి) పోస్ట్‌గ్రెస్ మొదటి ఐదుసార్లు ఇచ్చిన విలువను బట్టి ప్లాన్ వేస్తుంది, తర్వాత అన్ని విలువలకూ ఒకే ప్లాన్ చాలనిపిస్తే దానికి మారుతుంది. బయలుదేరే ఊరు బెంగళూరైతే కోట్ల వరుసలు, కనిగిరి అయితే కొన్ని వేలు. ఒకే ప్లాన్ ఇద్దరికీ ఎలా నప్పుతుంది? ప్లాన్ క్యాష్ మోడ్‌ను ఆ సెషన్‌కు ఫోర్స్ కస్టమ్ ప్లాన్‌గా పెట్టి చూస్తే తేలిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీని అన్న ఉన్నాడు, పేరు పారామీటర్ స్నిఫింగ్: మొదట వచ్చిన విలువకు వేసిన ప్లానే తర్వాతివాళ్లందరికీ.

ఇక ఇండెక్స్ ఉండి కూడా వాడని సందర్భాలు. మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మొబైల్ నంబర్. కాలమ్ వార్‌చార్ (అక్షరాల రకం), కోడ్ మాత్రం కొటేషన్లు లేకుండా అంకెగా పంపుతుంది. మైఎస్‌క్యూఎల్ కిమ్మనకుండా ప్రతి వరుసనూ అంకెగా మార్చి పోలుస్తుంది, ఇండెక్స్ పక్కన పడి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అయితే ఎర్రర్ ఇచ్చి నయం చేస్తుంది. జావా నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు వెళ్లేవాళ్లకు ఇదే ఉచ్చు ఇంకో రూపంలో ఉంది: మైక్రోసాఫ్ట్ జేడీబీసీ డ్రైవర్ స్ట్రింగులను డిఫాల్ట్‌గా యూనికోడ్‌గా పంపుతుంది, కాలమ్ మామూలు వార్‌చార్ అయితే మార్పిడి కాలమ్ మీద పడుతుంది. డ్రైవర్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే పోతుంది. తేదీ కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టడం కూడా ఇలాంటిదే. ఫలానా రోజు అనడానికి బదులు, ఆ రోజు మొదలు నుంచి మర్నాటి మొదలు లోపు అని రాస్తే ఇండెక్స్ పనికొస్తుంది.

కొత్త ఇండెక్స్ నిజంగా కావాలంటే నడుస్తున్న పోస్ట్‌గ్రెస్‌లో కన్‌కరెంట్లీ అని చేర్చి వేయండి, రాతలు ఆగవు. మధ్యలో విఫలమైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలి, ఉపయోగపడకపోగా రాతల భారం మోయిస్తుంది. దాన్ని తీసేసి మళ్లీ వేయాలి. ఫారిన్ కీతో తల్లి టేబుల్‌ను చూపే పిల్ల టేబుల్ కాలమ్‌కు మైఎస్‌క్యూఎల్ తానే ఇండెక్స్ వేస్తుంది, పోస్ట్‌గ్రెస్ వేయదు. తల్లి టేబుల్‌లో ఒక్క వరుస డిలీట్ చేయడానికి నిమిషం పడుతోందంటే ముందు అక్కడ చూడండి.

మెమరీ, డిస్క్

డిఫాల్ట్‌లు చిన్నవి. పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్స్, మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్ రెండూ 128 ఎంబీతోనే మొదలవుతాయి. డేటాబేస్‌కే కేటాయించిన మెషీన్‌లో పోస్ట్‌గ్రెస్‌కు ర్యామ్‌లో పాతిక శాతం దగ్గర మొదలుపెట్టడం వాడుక. ఇన్నోడీబీకి 60, 70 శాతం దాకా ఇవ్వొచ్చు. జాగ్రత్త పడాల్సింది వర్క్ మెమ్ (సార్ట్ వంటి పనులకు ఇచ్చే మెమరీ) దగ్గర. ప్లాన్‌లో ఎక్స్‌టర్నల్ మెర్జ్ అని డిస్క్ సైజు కనిపిస్తే సార్ట్ మెమరీలో పట్టలేదని అర్థం. 4 ఎంబీ డిఫాల్ట్‌ను అందరికీ 64 చేసేద్దాం అనిపిస్తుంది. అది సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హ్యాష్‌కు. 200 కనెక్షన్లు, ఒక్కోదానిలో రెండు సార్ట్‌లు అంటే 25 జీబీ దాకా పోవచ్చు, ఆపై మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను చంపే లినక్స్ ఓఓఎం కిల్లర్ వచ్చి తేలుస్తుంది. ఆ రిపోర్టు యూజర్‌కు మాత్రమే పెంచండి.

క్లౌడ్‌లో “మొదట అరగంట బాగానే ఉంటుంది, తర్వాత కూలబడుతుంది” అన్నది పాత జీపీ2 డిస్క్ లక్షణం. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఈ రకానికి జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకు డిస్క్ చదువు-రాత పనులు) లెక్క. 100 జీబీ డిస్క్‌కు అసలు హక్కు 300 మాత్రమే. దాచుకున్న క్రెడిట్లతో 3,000 దాకా అరగంటకు పైగా దూకుతుంది, అవి అయిపోగానే మళ్లీ 300కి పడుతుంది. బరస్ట్ బ్యాలెన్స్ గ్రాఫ్ చూస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. జీపీ3 అయితే సైజుతో పని లేకుండా 3,000తోనే మొదలవుతుంది.

కనెక్షన్లు, దూరం

కనెక్షన్ పూల్ (అప్లికేషన్ తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) నిండిపోతే “కనెక్షన్లు పెంచండి” అంటారు. దర్శినిలో దోసె పెనాలు మూడే ఉన్నప్పుడు కౌంటర్లో మూడు వందల టోకెన్లు ఇచ్చినంత మాత్రాన దోసెలు త్వరగా రావు. ఎనిమిది కోర్ల సర్వర్‌కు కోర్లు రెండింతలు, కాస్త అదనంగా, అంటే ఇరవై దగ్గర మొదలుపెట్టి కొలుస్తూ పెంచాలి. అప్లికేషన్ ఇన్‌స్టెన్సులు ఇరవై ఉంటే, ఒక్కోదాని హికారి (జావా కనెక్షన్ పూల్ లైబ్రరీ) పూల్ డిఫాల్ట్ పది అనుకుంటే, అప్పటికే 200. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ హద్దు 100. ఇక్కడ కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ వంటిది మధ్యలో పెట్టాలి. ఇంకో గుర్తు: ఎర్రర్ సరిగ్గా 30 సెకన్లకు వస్తుంటే అది హికారి కనెక్షన్ టైమౌట్ డిఫాల్ట్ కావొచ్చు. అంటే క్వెరీ ఇంకా డేటాబేస్ గడప తొక్కలేదు.

చివరిగా, డేటాబేస్‌లో అన్నీ బాగుండి స్క్రీన్ మాత్రం నెమ్మదిగా ఉండే కేసు. క్వెరీ 0.2 మిల్లీసెకన్లు, పేజీ నాలుగు సెకన్లు. అప్లికేషన్ బెంగళూరు ఆఫీసు సర్వర్‌లో, డేటాబేస్ ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో ఉందనుకోండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దారికి రానూపోనూ 10 మిల్లీసెకన్లు కాంతికే పోతాయి, మధ్యలో రూటర్లు కలిస్తే 20 అనుకోవచ్చు. బుకింగుల జాబితా తెచ్చి, ఒక్కో బుకింగ్‌కూ ప్రయాణికుడి పేరును విడిగా అడిగే ఓఆర్ఎం (క్వెరీలను తానే రాసిచ్చే లైబ్రరీ) కోడ్‌కు 200 ప్రయాణాలు, 20 చొప్పున నాలుగు సెకన్లు. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పక్కనే ఉంటుంది కాబట్టి అక్కడ ఇది ఎప్పటికీ బయటపడదు. పట్టుకోవడం తేలికే: టెస్ట్ సర్వర్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌ను రీసెట్ చేసి, ఆ పేజీని ఒక్కసారి తెరిచి, కాల్స్ కాలమ్ చూడండి. ఒకే క్వెరీ పక్కన 200 అని కనిపిస్తే మెసేజ్‌ను డీబీఏకు కాకుండా అప్లికేషన్ టీముకు పంపాలి. జాయిన్ రాసినా సరే, ఐడీలన్నీ ఒకేసారి పంపినా సరే, ఆ 200 ఒకటికో రెండుకో దిగుతుంది.